పెద్దల కొనుగోళ్లు, మన విద్యానిధి
(వికారాబాదున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)

  

ప్రతివత్సరమును ఈ వేదికపైనుండి విద్యను గూర్చియో, వివాహములలోని దుర్వ్యయమును గూర్చియో నాలుగుమాటలు చెప్పుట నాకు వాడుక. ఈయేడు కార్యదర్శిగారు వాటాల వ్యాపారమును గూర్చి మాటాడుమని కోరిరి. ముప్పదియైదు సంవత్సరములు శబ్దమంజరియు, రఘువంశమును చెప్పుకొనుచు కాలము గడపిన నాకు ఈ విషయమున నధికారమేమని మీ రడుగవచ్చును. కాని వారి కోరికకు బలమైన కారణము గలదు.

మన సంఘమునకొక విద్యానిధి యున్నది. మన పెద్దలు కందులమ్మిన సొమ్ములోనుండి, నాపరాతి గనులలో కూలిచేసిన సొమ్ములోనుండి పదియు నూరుగా కూడబెట్టి దానిని నిలిపిరి. దానిపై వచ్చు వడ్డీతోనే తండ్రిలేని పిల్లలకు వసతిగృహపు ఖర్చులును, పరీక్షరుసుములును చెల్లుచున్నవి. ఈ నిధిలో సగము బ్యాంకునుండి తీసి కంపెనీల వాటాలలో పెట్టవలెనని మన యువజనులు కొందరు కార్యవర్గమునకు వ్రాసియిచ్చిరి. వారి వాదమిది: "మనకు కంపెనీల లెక్కలు తెలియకపోవచ్చును. పెద్ద సంస్థలకు తెలియును. విదేశీ నిధులు, మ్యూచువల్ ఫండులు, జీవితభీమా సంస్థ ఏ కంపెనీ వాటాలను కొనుచున్నవో చూచి మనమును కొందము. అవి అమ్మినప్పుడు మనమును అమ్ముదము." ఈ వాదము తెలివిగలవారి వాదమే. దానిని ఎగతాళిచేయక పరీక్షించుట మన ధర్మము.

మొదట ఒక మాట. వాటాల బేరము పట్టణవాసుల వింతయనియు, మన ప్రాంతమునకు క్రొత్తదనియు తలంపవలదు. మనలో ననేకులు ఈ సభకు ఏ రైలుబండిలో వచ్చిరో ఆ మార్గమే వాటాలకథతో ముడిపడియున్నది. వాడినుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదునకు పోవు ఇనుపదారి 1874లో తెరవబడెను. 1883లో నిజాము ప్రభుత్వ హామీతో లండనునగరమున నొక కంపెనీ యేర్పడి, ఈ మార్గమును తనచేతిలోనికి తీసికొనెను. వాటాలు, పత్రములు అచటనే అమ్ముడుపోయినవి. లాభము చాలనిచో పూరింపవలసినది మన రాజ్యపు బొక్కసము. 1930లో ప్రభుత్వము దానిని తిరిగి కొనువరకును ఈ యేర్పాటు సాగెను. ఈ రైలుమార్గపు ఒడంబడికలలోని వివరములు ప్రజలకు తెలుపవలెనని కోరి ఆందోళనము చేసినందులకు అఘోరనాథ చటోపాధ్యాయులవారిని 1883లో హైదరాబాదునుండి వెడలగొట్టిరి. వారు సరోజినీ దేవిగారి తండ్రి.

ఆ వెనుకనే హైదరాబాదు దక్కను కంపెనీ యను గనుల కంపెనీ పుట్టెను. దాని మూలధనము పదిలక్షల పౌనులు. వాటాలలో అత్యధికభాగమును స్థాపకులు తమలోదామే పంచుకొని, ధర పెంచి, నిజాము ప్రభుత్వమునకే కొన్నిటి నంటగట్టిరి. ప్రభుత్వముపక్షమున కొనిన యధికారియే అమ్మినవారితో కూడియుండెనని తేలుటచే 1888లో బ్రిటిషు పార్లమెంటు ఉపసంఘమొకటి విచారణ జరుపవలసివచ్చెను. కొనువాడెవడు, అమ్మువాడెవడు అను ప్రశ్న వాటాలంత పాతదని ఈ కథ చాటుచున్నది. ఆనాడు ఆ ప్రశ్న నడిగినవానికి దేశబహిష్కారము. ఈనాడు దానికి సమాధానము ప్రకటించుట కంపెనీలకు చట్టము విధించిన విధి. ఈ మార్పు చిన్నది కాదు.

ఇప్పుడు ఆ విధి యెట్లున్నదో చెప్పెదను. వాటాల బజారునకు కావలిగానున్న సెబీ యను సంస్థ 1988లో పుట్టి, 1992లో చట్టబలము పొందెను. దాని నియమముల ననుసరించి స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరిన ప్రతి కంపెనీయు త్రైమాసికము ముగిసిన 21 దినములలోగా తన వాటాదారుల పట్టికను ప్రకటింపవలెను. అందు స్థాపకులకెంత, విదేశీ సంస్థలకెంత, మ్యూచువల్ ఫండులకెంత, భీమా సంస్థలకెంత, సామాన్యజనులకెంత అని వేర్వేరుగా నుండును. నూటికి ఒకటి, అంతకుమించి వాటాలుగలవారి పేరులును ఉండును. ఒకడు నూటికి ఐదువంతులకు చేరినచో ఆ సంగతి రెండు పనిదినములలో తెలియవలెను. ఆ పిమ్మట రెండేసివంతులకు మించి హెచ్చుతగ్గులైనను తెలియవలెను. కంపెనీ వాటాలలో నూటికి అరవంతునకు మించి ఒకేదినమున ఒకే చేయి కొనినను, అమ్మినను, ఆ పేరును ధరయును ఆ సాయంకాలమే ఎక్స్ఛేంజి ప్రకటించును. మ్యూచువల్ ఫండులు తమయొద్ద నున్న వాటాల పట్టికను నెలనెలయు బయటపెట్టును. ఇవన్నియు ధనము చెల్లింపకయే చూడదగినవి. ఈ సంగతి తెలియకనే మనవారు కొందరు, "పెద్దవారి రహస్యము చెప్పెదము" అనువారికి వేలరూపాయలు సమర్పించుకొనుచున్నారు. బహిరంగముగా గోడకంటించిన కాగితమును చదివి వినిపించుటకు కూలి యేల?

అయితే కాగితము దొరకుట వేరు, దాని యర్థము తెలియుట వేరు. ఇందులకు దూరదేశముల దృష్టాంతములు వెదకనక్కరలేదు. మన తాండూరు చాలును. ఆ ప్రాంతపు సున్నపురాతినాధారము చేసికొని మూడు సిమెంటు కర్మాగారములు వెలసినవి. కరణ్‌కోటలోనిది సిమెంటు కార్పొరేషను వారిది; దాని యజమాని కేంద్రప్రభుత్వము. బెల్కటూరు దాపున నున్నది పెన్నా సిమెంటు వారు స్థాపించినది. మల్కాపురములోనిది ఇండియా సిమెంట్సు వారిది. ఈ మూటిలో మొదటి రెండింటి వాటాలును బజారులో దొరకునవి కావు. 2024 జూనులో అంబుజా సిమెంట్సువారు పెన్నా కంపెనీని 10,422 కోట్ల రూపాయల విలువకట్టి తీసికొనుచున్నామని ప్రకటించిరి. ఆ కర్మాగారపు గేటు ముందు టీ అమ్ముకొనువానికిగాని, బొంబాయిలోని సామాన్య మదుపుదారునకుగాని ముందుగా జాడతీయుటకు అచట ఏ పట్టికయు లేకుండెను. మూడవదియగు ఇండియా సిమెంట్సు వాటాలు మాత్రము దినదినమును చేతులు మారుచుండెను. దాని కథ మనకు పాఠము.

ఆ కంపెనీలో రాధాకిషన్ దమానీగారును, వారి సోదరులును, వారి సంస్థలును 2020 నాటికే ఇంచుమించు ఐదవవంతు వాటాలను కూడబెట్టిరి. దమానీగారు డీమార్టు దుకాణములకు యజమానులు. మదుపులో ఆరితేరినవారని దేశమంతట ప్రసిద్ధులు. వారు సంస్థ కారు, వ్యక్తి. కావున "సంస్థలు" అను గడిని మాత్రమే చూచుకొనువానికి ఆ కంపెనీలోకెల్ల పెద్ద కొనుగోలుదారు కంటబడడు. పట్టికలోని గడిపేరుకన్న గడిలోనివాని పేరు ముఖ్యమనుటకు ఇది మొదటి నిదర్శనము.

2024 జూను 27వ తేదీన అల్ట్రాటెక్ సిమెంటు కంపెనీ, ఇండియా సిమెంట్సు వాటాలను 7 కోట్ల 6 లక్షలవరకు, వాటా ఒక్కింటికి 267 రూపాయలకు మించని ధరకు కొనుటకు నిశ్చయించినట్లు తెలిపెను. అవి కంపెనీలో నూటికి సుమారు 23 వంతులు. అమ్మినవారు దమానీ పక్షమువారు. ఇప్పుడు మన యువకుల సూత్రము ననుసరింతము: "ఆరితేరినవాడు అమ్మెను, కావున మనమును అమ్మవలెను." ఆ దినముననే అమ్మియుండినచో ఏమయ్యెడిది? సరిగా నెలదినములకు, జులై 28న, అల్ట్రాటెక్ వారు స్థాపకుల చేతనున్న 32.72 వంతులను వాటాకు 390 రూపాయల చొప్పున, మొత్తము 3,954 కోట్లకు కొనుచున్నామని ప్రకటించిరి. చట్టప్రకారము కడమ వాటాదారులకును నూటికి 26 వంతులవరకు అదే ధర నీయజూపవలసివచ్చెను. 267 ఎక్కడ, 390 ఎక్కడ? అమ్మినవానిని చూచి అమ్మినవాడు నష్టపోయెను. కొనినవానిని చూచినవాడు ఆలోచించెను. ప్రతి అమ్మకమునకును సరిసమానమైన కొనుగోలు గలదు గదా! "పెద్దలు అమ్ముచున్నారు" అని ఒక కంటితో చూచువాడు, అంతే పెద్దవాడు ఎదుట కొనుచున్నాడని రెండవకంటితో చూడవలదా? సిమెంటు చేయువాడు సిమెంటు కంపెనీలో నాల్గవవంతునకు దగ్గరగా కొని, నూటికి 25 వంతుల గీటును మాత్రము తాకక ఆగినప్పుడు, ఆ గీటు దాటినచో బహిరంగముగా అందరి వాటాలకును ధర చెప్పవలెనను నియమము తెలిసినవానికి ఆ యంకెలో అర్థము గోచరించును.

కథ అంతటితో ముగియలేదు. ఆ సంవత్సరము డిసెంబరులో పోటీవ్యవహారముల కమిషను అనుమతి లభింపగా కంపెనీ అల్ట్రాటెక్ వశమయ్యెను. 26 వంతులును చేరుటచే వారి వాటా 81.49 వంతులకు పెరిగెను. కాని ఏ కంపెనీలోనైనను కనీసము నాల్గవవంతు ప్రజల చేతులలో నుండవలెను. అందుచే 2025 ఆగస్టులో వారు 6.49 వంతులను అమ్మజూపిరి. కనీసధర 368 రూపాయలు. తాము 390కి కొనినదానిని అంతకు తక్కువధరకు యజమానియే అమ్మజూపుట చూచి, "కంపెనీలో ఏదియో లోపమున్నది" అని భ్రమపడువారుందురు. ఆ అమ్మకము అభిప్రాయము కాదు, చట్టవిధేయత.

ఇచట మన తర్కశాస్త్రము అక్కరకు వచ్చును. పొగనుబట్టి నిప్పు నూహించుట సదనుమానము. నిప్పునుబట్టి పొగ నూహించుట మాత్రము చెల్లదు. ఏలయన, పొగ పుట్టుటకు తడికట్టె యను వేఱొక కారణము కావలెను. కాలిన యినుపగుండులో నిప్పున్నను పొగ లేదు. దీనినే శాస్త్రకారులు ఉపాధి యనిరి. సంస్థ వాటాలమ్మినది, కావున కంపెనీ చెడినదను అనుమానమునందును ఇట్టి తడికట్టెలు పెక్కులు దాగియుండును. ఫండులో సొమ్ము పెట్టినవారు తిరిగి యిమ్మని యడిగినచో, ఆ ఫండు మంచి వాటాలనైనను అమ్మితీరవలెను. అమెరికాలో వడ్డీ హెచ్చినచో విదేశీ నిధి ఇచట అమ్మి అచటికి తరలును. దానికి మన కంపెనీపై కోపము లేదు. సూచీననుసరించు ఫండు, సూచీలో చేరిన కంపెనీని కొనును, తొలగిన కంపెనీని అమ్మును. దానికి అభిప్రాయమే లేదు. కంపెనీ క్రొత్తవాటాలను పుట్టించినచో, ఎవరును అమ్మకున్నను పాతవారి వంతు తగ్గినట్లు పట్టికలో కానవచ్చును.

మన తాండూరు మార్కెట్ యార్డునే చూడుడు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించెనని మనమందరము సంతసించితిమి. ఆ యార్డులో పెద్దవ్యాపారి యొకడు ఒకపూట వేయి బస్తాలు కొనినచో ధర పెరుగునని అందరును అనుకొందురు. అతడు ధర పెరుగునని నమ్మి కొనుచున్నాడో, పప్పుమిల్లునకు మాట యిచ్చిన గడువు వచ్చుటచే కొనుచున్నాడో అడ్తిదారు కనుగొనును; కనుగొన్న పిమ్మటనే రైతునకు సలహా చెప్పును. కందులలో మనకున్న ఈ వివేకము వాటాలలో నేల లోపింపవలెను?

ఇక కాలవిలంబము. ఏప్రిలు మొదటితేదీన ఒక ఫండు కొనిన వాటాలు జూను 30 నాటి పట్టికలో చేరును. ఆ పట్టిక జులై 21 లోపల మనకు చేరును. అనగా వార్త కొన్నిసారులు 110 దినముల వృద్ధురాలు. ఈలోపల ఆ ఫండు లాభము తీసికొని వెడలిపోయి యుండవచ్చును. అట్టి కాగితమును చూచి పరుగెత్తుట గతజలసేతుబంధనము. ప్రతిసాయంకాలము వార్తలలో "విదేశీ సంస్థలు ఇన్ని కోట్లు అమ్మినవి, స్వదేశీ సంస్థలు ఇన్ని కోట్లు కొనినవి" అని వచ్చు అంకెలు బజారు మొత్తమునకు చెందినవి. వానిని ఒక్క కంపెనీకి అన్వయించుట, జిల్లా వర్షపాతమును చూచి తన చేను తడిసెనని చెప్పుటవంటిది. విదేశీ సంస్థలు 1992 నుండి మన బజారులో ప్రవేశించి చిరకాలము పైచేయిగా నుండినవి. 2025 మార్చి త్రైమాసికాంతమునకు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కంపెనీలలో స్వదేశీ సంస్థల వంతు 17.62, విదేశీయుల వంతు 17.22 అయి, స్వదేశీయులు మొదటిసారి మించిరి. నెలనెలయు ఫండులలో సొమ్ము వేయు చిన్న ఉద్యోగులు, చిన్న వర్తకులు ఆ బలమునకు మూలము.

పెద్దసంస్థలే మోసపోవునా యని మీరడుగుదురు. సత్యం కంప్యూటర్సు కథ మన హైదరాబాదులోనే జరిగినది, మీరెవరును మరువలేదు. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, స్థాపకుల కుటుంబమునకు చెందిన రెండు మైటాసు కంపెనీలను కొనబోయి, సంస్థల మదుపుదారులు ఆగ్రహింపగా గంటలలోనే ఆ తలంపు విడిచెను. సంస్థల కావలి సత్ఫలమిచ్చిన సందర్భమది. కాని 2009 జనవరి 7న రామలింగరాజుగారు లెక్కలలో చూపిన 5,000 కోట్లకుపైగా నగదు లేనేలేదని ఒప్పుకొనిరి. సుమారు 179 రూపాయల వాటా ఆ దినముననే 40 రూపాయలకు పడెను. దేశవిదేశముల మహాసంస్థలన్నియు ఆ వాటాలతో పట్టుబడినవి. వారిని చూచి కొనినవారును వారితోకూడ మునిగిరి. గొఱ్ఱెలమంద ఒకదానివెంట నొకటి పోవుటను మన పెద్దలు గడ్డరికాప్రవాహన్యాయమనిరి. ముందరి గొఱ్ఱె బలిసినదైనంతమాత్రమున దారి తెలిసినది కాదు.

అయితే ఆ కథలో గమనింపదగిన సూక్ష్మమొకటి గలదు. ఆ కంపెనీలో స్థాపకుల వంతు 2001లో ఇంచుమించు నాల్గవభాగముండి, 2008 నాటికి పదవభాగముకన్న తక్కువయ్యెను. మిగిలినదియు అధికభాగము తాకట్టులో నుండెను. వంతు తగ్గుట పట్టికలలో అచ్చుపడుచునే యుండెను. తాకట్టు మాత్రము దాగియుండెను. అందుచే 2009లో సెబీ, స్థాపకులు తాకట్టుపెట్టిన వాటాలనుగూడ ప్రకటింపవలెనని శాసించెను. ఇంటి యజమాని ఒక్కొక్క సామానే బండికెత్తుచుండగా, అద్దెకు వచ్చినవారెందరున్నారని లెక్కించుట తెలివి కాదు. కావున పట్టిక చేతికి వచ్చినప్పుడు మొదట స్థాపకుల గడిని, దానిప్రక్క తాకట్టు గడిని చదివి, పిమ్మటనే సంస్థల గడికి పోవలెను.

యువకులారా! నేను మిమ్ము నిరుత్సాహపరుచుటకు రాలేదు. మీ సొంత సొమ్ముతో, మీకు కలిగినదానిలో పోయినను ఇల్లు గడచు భాగముతో మదుపు చేయుడు. ఒక త్రైమాసికమును చూచి నిర్ణయింపక, ఎనిమిది త్రైమాసికముల పట్టికలు వరుసగా వ్రాసికొనుడు. కొనినవాని పేరు, అమ్మినవాని పేరు, ధర, కారణము అని నాలుగు గడులు గీయుడు. కారణపు గడి ఖాళీగా నున్నంతకాలము చేయి ముడుచుకొనుడు. సంస్థల కొనుగోలు ప్రశ్న పుట్టించుటకు చాలును, సమాధానమునకు చాలదు. సమాధానము కంపెనీ లెక్కలలోను, అప్పులలోను, యజమాని నడవడిలోను వెదకవలెను. ఫ్యూచర్సు, ఆప్షన్సు అను పందెములజోలికి పోకుడు. 2022, 2023, 2024 మార్చితో ముగిసిన మూడు ఆర్థికసంవత్సరములలో ఆ బేరమున దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, మొత్తము నష్టము 1.8 లక్షల కోట్లకు మించెననియు సెబీయే 2024 సెప్టెంబరులో ప్రకటించెను. ఆ సొమ్ములో మన తాలూకాల పొలముల సొమ్మును గలదని నాకు తెలియును. అట్టి యింటివారు ఈ సభలోను ఉన్నారు.

విద్యానిధి సంగతి వేఱు. అది మీ సొమ్ము కాదు, నా సొమ్ము కాదు. ఇంకను బడిలో పేరు వ్రాయించుకొనని పిల్లవాని సొమ్ము. మహాసంస్థకు ఒక కంపెనీలో నష్టము వచ్చినచో నూరు కంపెనీలు దానిని మోయును. మన నిధికి నష్టము వచ్చినచో ఆ జూనునెలలో నొక పిల్లవాని పెట్టె వసతిగృహపు వాకిటనుండి వెనుకకు మరలును. నష్టము కోర్చుకొను శక్తిలో అంత భేదమున్నప్పుడు అడుగులో అడుగు వేయుట యెట్లు? అదియునుగాక, ధర్మనిధులను ఏయే మార్గముల నిలువచేయవచ్చునో ఆదాయపుపన్ను చట్టము పట్టిక వ్రాసియున్నది. సాధారణ కంపెనీల వాటాలకు ఆ పట్టికలో చోటు లేదు. నియమము తప్పినచో పన్ను మినహాయింపునకే హాని.

కావున కార్యవర్గమువారికి నా విన్నపములు మూడు. విద్యానిధి మూలధనమును ఇప్పుడున్నచోటనే యుంచవలెను. అధికవడ్డీనిచ్చునవియు, చట్టసమ్మతములైనవియు నగు ప్రభుత్వపత్రములను, డిపాజిట్లను ప్రతివత్సరమును పోల్చిచూచుటకు ఒక ఉపసంఘమును నియమించి, అందు ఈ యువకులనే సభ్యులను చేయవలెను. లెక్కలు చదువు వారి నేర్పు అచట సార్థకమగును. నిధి యెచటనున్నది, వడ్డీ యెంత, ఎవరికి చెల్లినది యను పట్టికను త్రైమాసికము ముగిసిన 21 దినములలోపల సంఘభవనపు గోడపై అంటింపవలెను. కంపెనీలు తమ వాటాదారుల కీయుచున్న లెక్కను మనము మన బిడ్డల కీయకుంట న్యాయమా? లెక్క యడిగినవానిని ఊరు వెడలగొట్టిన కాలము గతించినది. అడుగకముందే లెక్క చూపు సంఘము మనది కావలెను.